అంకమ్మ నలభై రెండు టిక్కీలు

మిర్చియార్డు మేడ మీద మా గది.
తలుపు మూసే ఉంటుంది, ఏసీ ఆడుతూనే ఉంటుంది,
అయినా మార్చి ఘాటు కీబోర్డు సందుల్లో దూరుతుంది.
కోడు రాస్తూ తుమ్ముతాను.
తుమ్మి, ఎక్కడ ఆపానో వెతుక్కుంటాను.

పోయిన సీజన్లో ఒక మంగళవారం
నూజెండ్ల నుంచి రాత్రంతా బస్తాల మీద కూర్చుని వచ్చిన అంకమ్మ
మా కిటికీలో చీటీ పెట్టింది.
నలభై రెండు టిక్కీలు, తేజ రకం.
కాటా అయింది, హమాలీలు మోశారు,
కొన్నవాడి లారీ చిలకలూరిపేట కూడా దాటింది.
తెర మీద మాత్రం ఆమె లేదు.

"లేదమ్మా" అన్నాను.
"లేకపోవటమేంది? నేనీడనే ఉండా గదా."

ఆ రాత్రి ఇంటికి పోలేదు.
తప్పు అంకమ్మది కాదు,
అదే మూటలో వెనకెక్కడో ఎవరిదో ఒక వరస,
రకం అన్న గడి ఖాళీ.
ఆ ఒక్క ఖాళీ చూసి నేను కట్టిన ట్రిగ్గర్ ఉలిక్కిపడి
నూట పదహారు మందిని గడప బయటికి లాక్కుపోయింది.
ఎవరికీ చెప్పలేదు.
చెప్పమని నేను రాస్తేగా.

ట్రిగ్గర్ అంతే, ఎవరూ పిలవకుండానే లేస్తుంది.
గేటు చప్పుడైతే చాలు.
మంచిదే, కాపలాకి.
కాపలావాడి చేతికి కాటా ఇచ్చింది నేను.

తర్వాత ఫంక్షన్ని బతిమాలాను.
క్వింటా ఎంతంటే చెబుతుంది,
తాలు పోను ఎంత మిగిలిందంటే
కాసు తేడా లేకుండా చెబుతుంది.
ఒక్క వరస రాసిపెట్టవే తల్లీ అంటే
చేతులు వెనక్కి కట్టుకుంటుంది.
దాని నేరం కాదు. జవాబు చెప్పటానికి పుట్టింది,
చేవ్రాలు చేయటానికి కాదు.

అంకమ్మ డబ్బు పదకొండు రోజులకి వచ్చింది,
అదీ నాగుల్ మీరా పెన్సిల్‌తో రాసుకున్న కాగితం పుణ్యాన.

ముప్పై ఏళ్ళ కాటా గుమాస్తా ఆయన.
టీ చల్లారనిచ్చి తాగుతాడు.
"తప్పు పడితే ఏం చేసేవాడివి బాబాయ్?"
"కొట్టేవాణ్ణి, చెరిపేవాణ్ణి కాదు.
ఒక్కటే గీత. గీత కింద అంకె కనపడాల.
పక్కన ఎందుకో రాసి, సంతకం."

అలా ప్రొసీజర్ దగ్గరికి వచ్చాను.
పేరు పెట్టి పిలిస్తే గాని రాదు.
వచ్చాక గుమ్మంలోనే అడుగుతుంది:
ఎవరు, ఎన్ని, ఏ రకం, ఏ కొట్టు.
ప్రయత్నిస్తుంది. పడితే పట్టుకోవటానికి
కింద ఇంకో చెయ్యి పెట్టుకుని మరీ ప్రయత్నిస్తుంది.

తప్పుల కోసం వేరే పట్టిక కట్టాను, మీరా మార్జిన్ లాంటిది.
కావాలనే ఒక ఖాళీ గడి పంపి చూశాను.
పట్టిక ఖాళీ.
మళ్ళీ పంపాను. ఖాళీ.

తెల్లారుజామున హమాలీల కేకలు మొదలయ్యేసరికి తెలిసింది:
ముందు రాసి, ఆపైన వెనక్కి మళ్ళుతున్నాను.
మళ్ళేటప్పుడు
నా ఒప్పుకోలు కూడా నాతోనే చెరిగిపోతోంది.

ముందు వెనక్కి తిరగాలి.
ఎక్కడిది అక్కడ పెట్టేయాలి.
చేతుల్లో ఏమీ మిగలనప్పుడు
అప్పుడు రాయాలి:
ఫలానా లాటు, ఫలానా నిమిషం,
రకం రాయలేదు, నేను పట్టించుకోలేదు.

రెండు వరసలు మార్చాను, పైది కిందికి.
అంతే. ఒక ఏడాది ఆలస్యంగా.

ఇప్పుడు ఎవరి లాటు వాళ్ళదే,
ఒకరు జారితే వెనకున్న నూట పదహారు మంది జారరు.

నిన్న అంకమ్మ వచ్చింది, ఈసారి ముప్పై ఏడు.
తెర ఆమె వైపు తిప్పి పేరు చూపించాను.
చదవటం రాదో, చదివే ఊరుకుందో,
కొంగుతో ముక్కు మూసుకుని ఒక్కటే అడిగింది:
"రేటెంత పలికింది?"

అది మాత్రం
ఫంక్షన్ని అడిగి చెప్పాను.